దుర్భిణికి ముందు ఊత, తర్వాతే అద్దం

అటక మీది భోషాణంలోంచో, పాత సామాన్ల కొట్లోంచో ఒక ఇత్తడి దుర్భిణి చేతికొస్తుంది. ఒకదాంట్లోకి ఒకటి జారే మూడు నాలుగు గొట్టాలు, పెద్ద గొట్టానికి తోలు తొడుగో చెక్క తొడుగో. బయటికి లాగి కంటికి ఆనిస్తారు. అంతా చీకటి. "అద్దాలు పోయినట్టున్నాయండీ" అని తేల్చేస్తారు. అద్దాలు ఎక్కడికీ పోలేదు. కన్ను పెట్టే చివర ఇత్తడి బిళ్ళ మధ్యలో కందిగింజంత చిల్లు ఉంటుంది. దుమ్ము పడకుండా ఆ చిల్లుకి అడ్డంగా జరిగే పల్చటి రేకు మూత ఒకటి, దాన్ని జరపడానికి గోటికి అందేంత బొడిపె ఒకటి ఉంటాయి. ఏళ్ళ తరబడి మురికి పట్టి ఆ బొడిపె బిళ్ళలో కలిసిపోతుంది. గోటితో పక్కకి నెడితే వెలుగొస్తుంది.

వెలుగొచ్చాక రెండో ఫిర్యాదు: "అంతా ఊగిపోతోంది, మసకగా కూడా ఉంది." ఇక్కణ్ణుంచి దాదాపు అందరిళ్ళలోనూ ఒకటే తంతు. ముందు చింతపండు పెట్టి బిందె తోమినట్టు తోముతారు. తర్వాత మరలన్నీ విప్పుతారు. తిరిగి బిగించాక ఇంకా మసకైపోతే షోకేసులో ఏటికొప్పాక బొమ్మల పక్కన నిలబెడతారు. ఈ వరస మొత్తం తలకిందులని నా వాదన. ముందు నేర్చుకోవాల్సింది దాన్ని దేనికైనా ఆనించడం. తర్వాత ఏ పూట చూడాలో తెలుసుకోవడం. తర్వాత ఫోకస్. అద్దం తుడవడం ఆ తర్వాత మాట. తోమడం అసలు లేదు.

లోపల ఏముందో కొంచెం తెలిస్తే మిగతాది సులువు. ముందు చివరన పెద్ద అద్దం. మంచి దుర్భిణిలో అది రెండు రకాల గాజుల జంట: ఒకటి క్రౌన్ గాజు, ఒకటి ఫ్లింట్ గాజు. ఒంటి అద్దమైతే కొబ్బరాకుల అంచుల చుట్టూ ఊదారంగూ పసుపూ పూస్తాయి. జంటలో ఒక గాజు చేసిన తప్పుని రెండోది చాలావరకు సరిదిద్దుతుంది. లండన్‌లో జాన్ డోలండ్ 1758లో దీనికి పేటెంట్ పుచ్చుకున్నాడు. అతనికంటే ముందే చెస్టర్ మూర్ హాల్ అనే ఆయన ఇలాంటి జంట చేయించాడు, కానీ పేరు మాత్రం డోలండ్‌కే దక్కింది. పెద్ద అద్దం ఒక్కటే బొమ్మని తలకిందులుగా వేస్తుంది. దాన్ని నిటారు చేసి పెద్దది చేసి చూపించడానికి కంటివైపు సన్న గొట్టంలో నాలుగు చిన్న అద్దాలుంటాయి, ఆ చివర రెండు, ఈ చివర రెండు.

ఇప్పుడు చిన్న లెక్క. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా నూటికి దాదాపు 4 పాళ్ళ వెలుగు వెనక్కి కొట్టేస్తుంది. మెరుపు తగ్గించే పూతలు వచ్చింది 1930లలో, అంతకు ముందు సరుకుకి అవి లేవు. నాలుగు చిన్న అద్దాలకి ఎనిమిది ముఖాలు, అతికించిన జంటకి గాలి తగిలే ముఖాలు రెండు, మొత్తం పది. అంటే అద్దాలు కొత్తవైనా, తళతళలాడుతున్నా మూడో వంతు వెలుగు దారిలోనే పోతుంది. కొంత మసక దుర్భిణి పుట్టుకలోనే ఉంది. దాన్ని తుడిచి పోగొట్టాలని చూస్తే గీతలు తప్ప మిగిలేదేం లేదు.

మీ దుర్భిణి ఎన్ని రెట్లు చూపిస్తుందో కొలుచుకోవచ్చు. గొట్టాలన్నీ పూర్తిగా లాగి పగటి ఆకాశం వైపు తిప్పండి, సూర్యుడికి దూరంగా. కన్ను పెట్టే చిల్లు నుంచి జానెడు వెనక్కి జరిగి చూస్తే అందులో చిన్న వెలుగు బిళ్ళ తేలుతూ కనిపిస్తుంది. ఆ చిల్లు వెనక గ్రాఫ్ కాగితం పట్టి, ముందుకీ వెనక్కీ జరిపి బిళ్ళ అంచు పదునుగా వచ్చేలా చేసి, భూతద్దంతో మిల్లీమీటర్లు లెక్కపెట్టండి. ముందరి అద్దం వెడల్పుని దీంతో భాగిస్తే వచ్చేదే రెట్లు. 50 మిల్లీమీటర్ల అద్దం, 2 మిల్లీమీటర్ల బిళ్ళ అయితే 25 రెట్లు. ఇక్కడ అర మిల్లీమీటరు తప్పు కొలిస్తే 25 కాస్తా 20 అవుతుంది, అందుకే భూతద్దం. ఇంకో మోసం: ముందరి అద్దం 50 ఉన్నా లోపల రింగు పెట్టి 30కి కుదించి ఉండొచ్చు. కన్ను పెట్టే చిల్లులోంచి టార్చి వేసి ముందు చివర దగ్గర కాగితం పడితే నిజంగా పని చేస్తున్న వెడల్పు తెలిసిపోతుంది.

అలా కుదించి ఉంటే అది అలంకారం కోసం చేసిన కొత్త సరుకై ఉండే అవకాశం ఎక్కువ. లండన్ పేరూ పాత సంవత్సరమూ లోతుగా చెక్కి, లంగరు బొమ్మ ఉన్న చెక్కపెట్టెలో పెట్టి అమ్మేవి దేశమంతా దొరుకుతున్నాయి. పేరు చూసి నమ్మొద్దు, ట్యూబులైటు కింద ముందరి అద్దంలోకి చూడండి. ఒంటి అద్దమైతే లైటు ప్రతిబింబాలు రెండే కనిపిస్తాయి. అతికించిన జంటైతే మూడు, అందులో ఒకటి బాగా మసకగా. అతికించకుండా పక్కపక్కన పెట్టిన జంటైతే నాలుగు. రెండే ఉంటే దాన్ని షోకేసులో పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇక ఊత సంగతి. చెయ్యి పావు డిగ్రీ కదిలితే 25 రెట్ల దుర్భిణిలో అది ఆరు డిగ్రీల పైమాటే. చెయ్యి చాపి మూడు వేళ్ళు కలిపి పడితే ఆ వెడల్పు ఐదు డిగ్రీలు. అంటే కంటి ముందు బొమ్మ మూడు వేళ్ళ మేర అటూ ఇటూ గెంతుతోందన్నమాట. అంత గెంతే బొమ్మలో ఏ కన్నూ వివరం పట్టలేదు, దాన్నే మనం మసక అంటాం. అద్దం మీద పడే నిందల్లో ఎక్కువ భాగం మోచేతికి చెందాలి.

ఎక్కడ ఆనించాలి? పెద్ద గొట్టం దగ్గర, ముందు చివర నుంచి మూడో వంతులో. సన్న గొట్టాలు పల్చటి రేకు. వాటి మీద బరువు వేస్తే సొట్ట పడుతుంది, ఆ సొట్ట తర్వాత జారనివ్వదు. డాబా పిట్టగోడ మీదైతే కిలో బియ్యం పట్టే గుడ్డసంచిలో ముప్పావు వంతు ఊక పోసి మూతి కుట్టేసి, దాని మధ్యలో గుంట చేసి గొట్టాన్ని పడుకోబెట్టండి. సంచి నిండా కూరితే గుంట పడదు, గొట్టం దొర్లుతుంది. ఇంతకంటే మంచి స్టాండు కొనక్కర్లేదు.

పొలం గట్టు మీద తాడిచెట్టు వెతుక్కోండి. కొబ్బరిచెట్టు గాలికి మొదలు దాకా సన్నగా కదులుతుంది, తాడి గట్టిది. ఎడమ భుజం, ముంజేయి మానుకి నొక్కి, ఆ అరచేతి మీద గొట్టం. చెట్టు లేకపోతే గుండె ఎత్తున వెదురు కర్ర నిలబెట్టి, ఎడమ చేత్తో కర్రనీ గొట్టాన్నీ కలిపి పట్టుకోండి. అదీ లేకపోతే నేల మీద గొంతుక్కూర్చుని మోచేతులు మోకాళ్ళ లోపలివైపు ఆనించాలి. మోచిప్ప మీద మోచేయి పెడితే ఎముక మీద ఎముక జారుతుంది. అన్నిటికంటే స్థిరమైనది స్కాట్లండ్ కొండల్లో దుప్పుల వేటకి వెళ్ళేవాళ్ళు వాడే పద్ధతి: వెల్లకిలా పడుకుని, తల కింద సంచి పెట్టి, ఒక మోకాలు ఎత్తి, దాని పక్కన దుర్భిణి ముందు భాగం ఆనించడం. వాళ్ళకి కొండవాలు ఉంది, మనకి ఏటిగట్టు వాలు ఉంది. తల గట్టు పైకి, కాళ్ళు గోదారివైపు పెట్టి పడుకుంటే దుర్భిణి తనంత తానే అవతలి ఒడ్డుకి గురి చూస్తుంది. చూసేవాళ్ళు నవ్వుతారనుకోండి, నవ్వనివ్వండి.

నరసాపురం నుంచి సఖినేటిపల్లి దాటే పంటు మీద మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది. కమ్మీకి ఆనిస్తే ఇంజను అదురంతా నేరుగా గొట్టంలోకి వస్తుంది. అక్కడ ఊత మీ ఒళ్ళే: కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు కొంచెం వంచి, మోచేతులు పక్కటెముకలకి నొక్కి నిలబడాలి. అప్పటికీ రేవు పట్టిన తర్వాత చూడటమే మేలు.

ఊత కుదిరాక గొట్టాలు లాగండి, ఒక్కొక్కటీ కొంచెం మెలితిప్పుతూ, నిదానంగా. ఠక్కున లాగినా మూసినా లోపల గాలి పంపులా పనిచేసి దుమ్ముని అద్దాల మీదకి పీలుస్తుంది. పెద్ద లోగొట్టాలన్నీ చివరి దాకా లాగేసి ఉంచి, కంటి దగ్గరి సన్న గొట్టం ఒక్కదాంతోనే ఫోకస్ చేయాలి. అన్నిట్నీ తలా కొంచెం లాగి ఫోకస్ కుదిర్చేవాళ్ళున్నారు. ఒకసారి కుదురుతుంది, మళ్ళీ అదే చోటు దొరకదు. దగ్గరి వస్తువుకి గొట్టం ఇంకా బయటికి రావాలి, దూరానికి లోపలికి పోవాలి. దూరం చూపు ఆననివాళ్ళు కళ్ళజోడు తీసేసి గొట్టం ఇంకొంచెం లోపలికి నెడితే సరిపోతుంది, సిలిండర్ పవరు ఉంటే తప్ప. బాగా దూరపు చూపుకి గొట్టం ఎక్కడ ఆగుతుందో అక్కడ సన్నదారం ఒక చుట్టు కట్టుకోండి. గీత గీయొద్దు.

వస్తువుని పట్టుకోవడం ఇంకో విద్య. పాత దుర్భిణిలో కనబడే మేర చాలా చిన్నది. మీ దాంట్లో ఎంతో పున్నమి చంద్రుణ్ణి చూసి చెప్పొచ్చు: చంద్రుడి వెడల్పు అర డిగ్రీ, పక్కపక్కన రెండు చందమామలు పట్టేటట్టుంటే ఒక డిగ్రీ. ఒక డిగ్రీ అంటే కిలోమీటరు దూరంలో పదిహేడున్నర మీటర్లు, ఓ పెంకుటిల్లూ దాని పశువుల కొట్టమూ. ఆ చిన్న కిటికీని నేరుగా పిట్ట మీదికి తిప్పడం కుదరదు. రెండు కళ్ళూ తెరిచి గొట్టం పొడవునా గురి చూసి ముందు పెద్ద గుర్తుని పట్టాలి. పాలకొల్లు వైపైతే క్షీరారామం గాలిగోపురం ఉండనే ఉంది. గోపురం కలశాల దగ్గర మొదలుపెట్టి, కిందికి దిగి, చెట్ల వరస మీదుగా ఎడమకి నడిచి మీకు కావలసిన తాడిచెట్టు చేరండి. మొదటి వారం పిట్టల జోలికి పోవద్దు. కదలని వాటి మధ్య ఇలా నడవడం వచ్చాక కదిలే వాటి పని.

ఇక గాలి. డెల్టా బల్లపరుపు నేల కాబట్టి దూరం చూడటానికి దీన్ని మించిన చోటు లేదని అనుకుంటాం. చూపుకి అడ్డం లేని మాట నిజమే, కానీ చూపంతా నేలకీ నీళ్ళకీ రాసుకుంటూ పోతుంది. చెరువు ఒక వేడిలో, గట్టు ఒక వేడిలో, తారురోడ్డు ఇంకో వేడిలో ఉంటాయి. వాటి మీది గాలి పొరలు కలబడుతూ బొమ్మని నీళ్ళ అడుగున ఉన్నట్టు ఆడిస్తాయి. దుర్భిణి ఆ ఆటని కూడా 25 రెట్లు చేస్తుంది. పొద్దున తొమ్మిది దాటాక భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల మీదుగా కిలోమీటరు అవతలికి చూస్తే నీళ్ళు చిలికే ఏరియేటరు రెక్కలు కరిగిపోయి కనిపిస్తాయి. అది మీ అద్దం తప్పు కాదు. ధనుర్మాసంలో తెల్లారగట్ల దీనికి వ్యతిరేకం, నీళ్ళు వెచ్చగా ఉండి పైగాలి చల్లగా ఉంటుంది, చెరువు మీద ఆవిరి లేస్తుంది, పైగా పొగమంచు.

కాబట్టి పూట ఎంచుకోవాలి. పొగమంచు లేని రోజున పొద్దు పొడిచిన మొదటి గంట, వాన వెలిసిన వెంటనే, మబ్బు కమ్మిన మధ్యాహ్నం మంచివి. కాలవగట్టు ఎక్కి మనిషెత్తు పైనుంచి చూసినా తేడా తెలుస్తుంది. డాబా ఎక్కితే మంచిదే కానీ ఎండాకాలం సాయంత్రం ఎక్కొద్దు, కాగిన స్లాబు రాత్రి భోజనాల వేళ దాకా కింద నుంచి వేడి ఊదుతూనే ఉంటుంది. పొద్దు గూకిన తర్వాత నేల మీద వస్తువుల కోసం ఎదురు చూడొద్దు. చీకట్లో కంటిపాప ఐదారు మిల్లీమీటర్లకి విచ్చుకుంటే దుర్భిణి ఇచ్చేది రెండు మిల్లీమీటర్ల వెలుగు.

సముద్రం దగ్గర లెక్క వేరు. అంతర్వేది ఒడ్డున ఇసుకలో నిలబడ్డ మనిషి కంటికి నీటి అంచు సుమారు ఐదు కిలోమీటర్ల దూరం. అదే పది మీటర్ల ఎత్తున్న డాబా నుంచి పన్నెండు. కన్ను ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో దాని వర్గమూలాన్ని 3.86తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఒడ్డు మీద నిలబడి ఇరవై కిలోమీటర్ల దూరపు ఓడని చూస్తే దాని కింది పదిహేను మీటర్లు నీటి అంచు వెనకే ఉండిపోతాయి, పై గదీ క్రేన్లూ మాత్రం తేలుతూ కనిపిస్తాయి. రెట్లు పెంచితే ఓడ అడుగు కనిపించదు, మీరు మెట్లెక్కితే కనిపిస్తుంది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉన్న కాకినాడ అఖాతంలో లంగరేసిన ఓడల పేర్లు చదవడం మంచి అభ్యాసం. అర మీటరు ఎత్తు అక్షరం 25 రెట్లలో లెక్క ప్రకారం ఎనిమిది కిలోమీటర్ల దాకా అందాలి. గాలి ఆట తీసేస్తే అందులో సగం దక్కినా సంతోషించాలి. పోర్టు గోడ పక్కన నిలబడి మాత్రం ఈ పని చేయకండి, కాపలావాళ్ళకి వర్గమూలాలు వివరించడం కష్టం.

బైనాక్యులర్ ఉండగా ఇదెందుకని అడిగేవాళ్ళ మాటలో సగం న్యాయం ఉంది. కోరంగి మడ అడవుల్లో చెక్కబాట మీద పాత దుర్భిణి శుద్ధ దండగ. అన్నీ ఇరవై ముప్ఫై మీటర్ల లోపు, ఆకుల చాటు, కదులుతూ ఉంటాయి. అక్కడ 8 రెట్ల బైనాక్యులరే తీసుకెళ్ళండి. కొల్లేరు ఆటపాకలో గూడబాతులు గూళ్ళలో కూర్చున్నప్పుడు, చలికాలం గోదారి ఇసుకతిన్నెల మీద ఉల్లంకులు మేస్తున్నప్పుడు, ధవళేశ్వరం బ్యారేజీకున్న 175 గేట్లలో ఏవి లేచి ఉన్నాయో ఒడ్డు నుంచి చూడాలన్నప్పుడు 8 రెట్లు చాలవు. దూరంగా, కదలకుండా, తీరిగ్గా ఉన్నదేదైనా దుర్భిణి పని.

ఇన్ని చేశాక కూడా మసకగా ఉంటే అప్పుడు అద్దం వైపు చూడొచ్చు. మన తేమలో అద్దం మీద బూజు పట్టడం మామూలే. టార్చి ఏటవాలుగా వేస్తే సాలీడు దారాల్లా కనిపిస్తుంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తటి బ్రష్షుతో ఇసుక దులపాలి. కండువా అంచుతో తుడిచేవాళ్ళకి ఒక్కటే చెప్పాలి: ఆ అంచులో ఉన్న ఇసుక గాజు కంటే గట్టిది. తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క పిల్లల షాంపూ కలిపి, దూదిని తడిపి పిండి, మధ్య నుంచి అంచుకి నొక్కకుండా తిప్పుతూ తుడవాలి. సీసా మీద పేరు చదివి కొనండి, బ్యాటరీ యాసిడ్ కూడా అదే కొట్లో పక్కనే ఉంటుంది. బూజు ఇంకా పోకపోతే సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ళ దగ్గర దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు దూది మీద. అద్దాన్ని అందులో ముంచొద్దు: జంటని అతికించింది కెనడా బాల్సం అనే చెట్టు బంక, ఆల్కహాల్‌కి కరుగుతుంది. అంచుల్లో ఆకు ఈనెల్లా, లేదా ఇంద్రధనస్సు మచ్చల్లా కనిపిస్తే ఆ బంకే వదులుతోందని అర్థం. అంచుకే పరిమితమైతే అలాగే వాడుకోండి, విడదీసి అతికించడం ఇంట్లో చేసే పని కాదు.

మర బిగుసుకుంటే పటకారు ముట్టుకోవద్దు. పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి రెండు చేతులతో తిప్పండి. కదలకపోతే మర సందులో ఒక్క చుక్క కిరసనాయిలు వేసి, అద్దం పైవైపు ఉండేలా నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. అద్దాలు తీసేటప్పుడు ఒక్కొక్కదాని అంచు మీద పెన్సిలుతో కంటివైపుకి బాణం గుర్తు, వెంటనే ఫోన్లో ఫోటో. జంట అతికించనిదైతే రెండింటి అంచులూ కలిసేలా ఒక గుర్తు పెట్టాలి, ఒకదాని మీద ఒకటి తిరిగిపోయినా పదును పోతుంది. చిన్న గొట్టం లోపల చిల్లు ఉన్న నల్లటి రేకు బిళ్ళ కనిపిస్తే అదేదో అడ్డమని పారేయొద్దు, పక్కవెలుగుని ఆపేది అదే. లోపలి నల్లరంగు కూడా గీకొద్దు. తిరిగి బిగించేటప్పుడు ముందరి రింగుని చివరిదాకా బిగించి వెంట్రుకవాసి వదలండి. మరీ బిగిస్తే రాత్రి చుక్క మూడు మూలలుగా కనిపిస్తుంది. చుక్కకి ఒక పక్కకే తోక వస్తుంటే అద్దం ఓరగా కూర్చుందని అర్థం, విప్పి మళ్ళీ పెట్టండి.

గొట్టాలు జారకపోతే కొబ్బరినూనె రాస్తారు మనవాళ్ళు. చలికి గడ్డకడుతుంది, దుమ్ము పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, కొవ్వొత్తి ఒకసారి రాసి మళ్ళీ తుడిచేస్తే చాలు. తోమకూడదని ముందే ఎందుకన్నానంటే, చాలా దుర్భిణిలకి ఇత్తడి మీద పల్చటి లక్కపూత ఉంటుంది. చింతపండు పులుపుకి పూత పోతుంది, ఆ తర్వాత ఉప్పుగాలికి ప్రతి నెలా నల్లబడుతూనే ఉంటుంది, పైగా పులుసు మర సందుల్లోకి దిగి పచ్చటి చిలుము కక్కుతుంది.

సూర్యుడి మాట ఎంత చెప్పినా తక్కువే. ఒక్క క్షణం కూడా, పొగమంచులో ఎర్రగా కనిపించినా, అస్తమిస్తున్నా, దుర్భిణిలో సూర్యుణ్ణి చూడకూడదు. కన్ను పోతుంది. పిల్లలున్న ఇంట్లో పగలు డాబా మీద దాన్ని వదిలి కిందికి దిగొద్దు.

రాత్రి మాత్రం ధైర్యంగా తిప్పండి. గురుగ్రహాన్ని పట్టి ఊకసంచి మీద కుదురుగా పెడితే పక్కన వరసగా సన్నటి చుక్కలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో సుమారు ఇరవై రెట్ల గొట్టంతో చూసిన చందమామలే అవి. ప్రతి రాత్రీ నాలుగూ కనబడాలని లేదు, ఒకటో రెండో గ్రహం ముందుకో వెనక్కో పోయి ఉండొచ్చు. వరసగా నాలుగు రాత్రులు కాగితం మీద చుక్కలు పెట్టుకుంటే చోట్లు మారడం తెలుస్తుంది. చూసేటప్పుడు చుక్కలు గీతల్లా సాగుతుంటే సంచిలో ఊక తగ్గించండి.

వానాకాలం దాచడం ఒక్కటే మిగిలింది. తోలు పెట్టెలో పెట్టొద్దు, తోలే ముందు బూజు పడుతుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికాజెల్ 50 గ్రాములు గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టండి. గింజల రంగు మారినప్పుడు మూట విప్పి, పాత మూకుట్లో సన్న సెగ మీద రంగు తిరిగి వచ్చేదాకా వేయించుకోవచ్చు. ఆ మూకుడు మళ్ళీ వంటకి వద్దు. బియ్యంలో పెడితే తవుడు అద్దాల్లోకి దిగుతుంది. సాయంత్రం తేమగాలిలో వాడిన దుర్భిణిని వెంటనే మూయకండి, ఫ్యాను కింద గొట్టాలు లాగి గంటసేపు పడుకోబెట్టి, ఆరాక మూసి, కంటి దగ్గరి రేకు జరిపి డబ్బాలో పెట్టండి. ఆ రేకు జరిపారని గుర్తుపెట్టుకోండి, లేకపోతే కార్తీకంలో బయటికి తీసినప్పుడు మళ్ళీ అంతా చీకటే.